పదికి పది

నాలా పొంగి అశోక్‌నగర్ ఇళ్లల్లో మంచాలు తేలిన వరద ఉంది కదా, ఆ వరదకు రెండేళ్ల ముందటి ఎండాకాలం అది. పెద్ద పరీక్షలు అయిపోయి పిల్లలంతా గల్లీల్లో పడ్డ రోజులు. చిక్కడపల్లిలో ఒక మూడు గదుల పాత ఇంటి వాకిట్లో, రామచంద్రం పొద్దున్నే నల్లా కింద బిందె పెట్టి కూర్చున్నాడు. ముప్పై రెండేళ్లు నల్లాల ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి, పొడుగాటి ఇనప కడ్డీతో రోడ్డు కింది వాల్వులు తిప్పి, సగం చిక్కడపల్లికి నీళ్లు వదిలిన మనిషి. ఇప్పుడు తన ఇంటి బిందెకు తానే కాపలా. ఆ సంగతి ఆయన ఎన్నడూ నోటితో అనలేదు. ఆయన ఏదీ ఊరికే అనడు. పది మాటలు కావలసిన చోట ఒక్క ‘ఊఁ’తో సరిపెడతాడు, ఒక్క మాట కావలసిన చోట దాన్ని కూడా మింగేస్తాడు.

కోడలు విజయశ్రీ వంటింట్లోంచి పాత క్యాలెండర్ కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. కాగితం వెనక వైపు స్కెచ్ పెన్నుతో గళ్లు గీసి ఏదో రాసింది. అన్నం మెతుకులు నాలుగు మూలలా పూసి, దాన్ని అల్మారా తలుపుకు అంటించింది.

“ఓ సంయు, ఇటు రా. మామయ్య, మీరు గూడ జర ఇనుండ్రి.”

తొమ్మిదేళ్ల సంయుక్త చేతిలో సగం కొరికిన మామిడి ముక్కతో వచ్చి నిలబడింది. ఆమె నాలుగో తరగతి అయిపోయింది. ఆ చిన్న బడిలో తరగతులు అంతవరకే. ఐదో తరగతికి నారాయణగూడలో ఆడపిల్లల పెద్ద బడిలో చేర్చాలని విజయశ్రీ పట్టుదల. జూన్ మొదటి వారంలో వాళ్లు పరీక్ష పెడతారు. లెక్కల్లో భయం లేదు కానీ, తెలుగు రాయమంటే ఒత్తులన్నీ గల్లంతయ్యేవి. నిరుడు అశోక్‌నగర్‌లో కరుణాకర్ సారు దగ్గర ట్యూషన్‌కు పంపారు. ఆయన స్కేలు నిలువుగా పట్టి వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. రెండు నెలలకు పిల్లకు సరిగ్గా ట్యూషన్ వేళకే జ్వరం రావడం మొదలైంది. ఇక అక్కడికి పంపనని ఆనాడే విజయశ్రీ కూతురికి మాటిచ్చింది.

“రెండు గంటలే,” అంది ఇప్పుడు. “తొమ్మిదిన్నరకు కూసోవాలె, పదకొండున్నరకు లేవాలె. ఎక్కాలు, నాలుగు లెక్కలు, ఒక పేజీ చేతిరాత, పది మాటల డిక్టేషన్. ఎండాకాలం ఖరాబ్ కావొద్దు, చదువు మరిచిపోవద్దు. అటెన్క నీ ఇష్టం. ఆడుకో, పండుకో.”

“టీవీ?”

“టీవీ గూడ.”

“తాత కొడ్తడా?”

బూటు లేసు కట్టుకుంటున్న పిల్ల తండ్రి ఉదయ్ కుమార్ నవ్వాడు. “మీ తాత మాట్లాడితేనే పండుగ. కొట్టుడు గూడనా?”

“మామయ్య, నేను పుస్తకంల పది మాటల కింద పెన్సిల్ గీత పెట్టి పోత. మీరు సదివి చెప్పాలె, ఇది రాయాలె. రాసినంక దిద్ది, మార్కులేసి సంతకం పెట్టుండ్రి. సాయంత్రం నేను సూస్త. గంతే.”

రామచంద్రం బిందె వైపు చూస్తూ అడిగాడు. “ఇమ్లానా?”

“గదే, డిక్టేషన్. మీ కాలంల గట్లనే అనేటోళ్లేమో.”

“ఊఁ,” అన్నాడు ఆయన.

అప్పుడు ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆయన చదివింది భువనగిరిలో, నిజాం కాలంలో, మూడు జమాతులు, అంటే మూడో తరగతి దాకా. అది ఉర్దూ బడి. తెలుగు అక్షరం ఆయనకు ఎవరూ నేర్పలేదు, తర్వాత తానూ నేర్చుకోలేదు. నౌకరీలో ఉర్దూలో సంతకం పెట్టి నెట్టుకొచ్చాడు. ఇంట్లో పెళ్లి పత్రికల నుంచి కరెంటు కాగితం దాకా అన్నీ భార్య సత్తవ్వ చదివి వినిపించేది. ఆ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయి ఆరేళ్లయింది.

రోజూ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి ఉర్దూ పేపర్ ముందు కూర్చుంటాడు. పెద్దాయన పేపర్ చదవనిదే అన్నం ముట్టడని గల్లీ అంతా చెప్పుకుంటుంది. ఏ పేపరని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కొడుకు కూడా, ఎప్పుడో నేర్చుకునే ఉంటాడనుకున్నాడు. విజయశ్రీ బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోతూ, ఆయన లైబ్రరీ నుంచి వచ్చేసరికి కనబడేలా చీటీలు రాసి పెట్టేది. పాలు కాచమనో, నాలుగింటికి గ్యాస్ అబ్బాయి వస్తాడనో. ఆయన ఒక్కటీ చేసేవాడు కాదు. కోడలి మాటంటే లెక్కలేదని ఆమె మనసులో ముల్లు పడింది. మర్యాదకు పైకి అనేది కాదు.

తొమ్మిదిన్నరకు చదువు మొదలైంది. ఎక్కాలు బాగానే నడిచాయి. ఆయన కళ్లు మూసుకుని “దో దూనీ చార్, దో తీయా ఛే” అని అందుకుంటే, సంయుక్త పకపకా నవ్వి తెలుగులో జవాబు చెప్పేది. లెక్కలు చేసింది. చేతిరాత రాసింది.

“తాత, ఇమ్లా చెప్పు.”

ఆయన పుస్తకం తెరిచాడు. పెన్సిల్ గీతలు కనిపించాయి. గీతల మీద అక్షరాలు గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి వేలాడుతూ కనిపించాయి. అంతే, కనిపించాయి.

“అద్దాలకు మసక పట్టింది. నువ్వే సదువుకో, నువ్వే రాయి.”

రెండో రోజు అద్దాలు పంచె కొసతో రెండుసార్లు తుడిచి మరీ అదే మాట అన్నాడు. మూడో రోజు పిల్ల పుస్తకం ఆయన ఒళ్లో పెట్టి, ఒక మాట మీద వేలు ఆనించింది.

“తాత, ఇది ఏనుగే గదా?”

“ఊఁ.”

వేలు తీసి, మళ్లీ అదే చోట పెట్టింది. “ఇది పులి గదా?”

“ఊఁ, పులే.”

సంయుక్త నవ్వబోయి ఆగిపోయింది. అక్కడ ఉన్నది ఉడుత. పిల్ల ఆయన ముఖంలోకి వంగి, గొంతు తగ్గించి అడిగింది. “తాత, నీకు సదువ రాదా?”

పైన ఫ్యాన్ కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. రామచంద్రం వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు.

“మీ అమ్మకు చెప్పకు.”

“ఎందుకు?”

“చెప్పకు, బిడ్డ.”

తాత తనను అంతవరకు ఏదీ అడిగి ఎరగడు. సంయుక్త తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “చెప్ప. ఒట్టు.” తర్వాత కాసేపు ఆలోచించి, ఉపాయం కూడా తనే చెప్పింది. “నేను పుస్తకం సూసి రాస్త. నువ్వు పది ఏసెయ్. ఇద్దరికీ పరేషాన్ ఉండది.”

ఆయన కాదనలేదు. ఆ రోజు నోటుపుస్తకంలో పదికి పది పడింది. కింద ఉర్దూలో సంతకం.

తర్వాత ఇరవై రోజులూ పదికి పదే. విజయశ్రీ సాయంత్రం బస్సు దిగి, చెమటతో తడిసి వచ్చి, చెప్పులు విప్పకముందే నోటుపుస్తకం తెరిచేది. ఒక్క ఒత్తు తప్పు ఉండేది కాదు. పక్కింటి నర్సింహమ్మ దగ్గర మురిసిపోయింది. “మా మామయ్య మాట్లాడడు గాని, ఆయన దగ్గర కూసుంటే పిల్లకు ఎట్ల వస్తున్నదో సూడక్కా. ట్యూషన్ లేదు, దెబ్బలు లేవు.” ఆదివారం మామగారి కంచంలో తన చేత్తోనే ఇంకో చెంచా నెయ్యి వేసింది. కోడలు తనను అంత ఆదరంగా చూడటం ఆయనకు తెలిసి అదే మొదలు. ఆ ముద్ద ఆయనకు ఎంతకీ దిగలేదు.

పరీక్షకు పన్నెండు రోజులుందనగా, మరో ఆదివారం. ఉదయ్ కుమార్ కూలర్ తలుపు ఊడదీసి కొత్త గడ్డి కూరుతున్నాడు. విజయశ్రీ పుస్తకం తీసుకుని కూతురి ముందు చాప మీద కూర్చుంది.

“ఇయ్యాల నేను చెప్త. రాయి. పాతయే. భయపడకు.”

సంయుక్త తాత వైపు చూసింది. తాత నేల వైపు చూశాడు.

పది మాటలు అయ్యాక విజయశ్రీ నోటుపుస్తకం తీసుకుంది. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత పాత పేజీ తిప్పి పక్కన పెట్టుకుంది.

“వృక్షం గిట్లనా రాసేది? మొన్న బుధవారం సక్కగ రాసినవ్ గదా. గిదే మాట. ఇగో, మీ తాత సంతకం గూడ ఉన్నది. శంఖం ఏది? కొబ్బరికి ఒత్తు ఏది?” ఆమె లెక్కపెట్టింది. “రెండు. పదికి రెండు.”

“మరిచిపోయిన.”

“ఎనిమిది మాటలు మరిచిపోయినవా? ఇరవై రోజులు పదికి పది తెచ్చినదానివి?”

“జర ఇడువరాదే, ఆదివారం పూట,” అన్నాడు ఉదయ్, చేతికంటిన గడ్డి దులుపుకుంటూ.

“మీరు ఆగుండ్రి. మీకేంది, తొమ్మిదింటికి బూట్లేస్కొని పోతరు. రేపు సీటు రాకపోతే ఏ బడికి తోలుకపోతరో చెప్పుండ్రి.” ఆమె మామగారి వైపు తిరిగింది. “మామయ్య, మీ ముందటనే రాసింది గదా. మీరే చెప్పుండ్రి, ఏమైంది?”

గదిలో అందరూ ఆయన వైపు చూశారు. రామచంద్రం గొంతు సవరించుకున్నాడు. ఉన్న సంగతి నాలుక చివర దాకా వచ్చింది. కోడలి కళ్లల్లోకి చూశాడు. మొన్న నెయ్యి వేసినప్పటి కళ్లు అవే.

“ఒకోపారి,” అన్నాడు, “జర కన్ను మూత పడ్తది నాకు.”

అబద్ధం చిన్నదే. అది వెళ్లి పడిన చోటు చిన్నది కాదు.

“అంటే మీరు పండుకుంటే ఇది పుస్తకం సూసి రాసిందా?”

ఆయన అవుననలేదు. కాదనలేదు. సంయుక్త తాత ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల వంచి, అమ్మకు వినబడేటంత గొంతుతో అంది.

“ఔ. తాత పండుకున్నప్పుడు సూసి రాసిన.”

చెంప మీద దెబ్బ పడింది. పిల్ల కన్నా విజయశ్రీయే ఎక్కువ ఉలిక్కిపడింది. కానీ కోపం ఆగలేదు.

“కష్టమైతే కష్టమని చెప్పు. రాకపోతే రాదని చెప్పు. దొంగతనం ఎందుకు చేసినవ్? నేను కొట్టకుండ, తిట్టకుండ, రెండు గంటలు సాలని పెడ్తే గిదా? ఇగ ఇంట్ల చదువు బంద్. రేపటి సంది కరుణాకర్ సారు దగ్గరికే.”

“అమ్మా, పంపనన్నవ్ గదా!”

“నువ్వు నన్ను మోసం చేస్తనని చెప్పినవా నాకు?”

విజయశ్రీ లేచి, అల్మారా తలుపుకున్న క్యాలెండర్ కాగితాన్ని లాగేసింది. ఎండిపోయిన అన్నం మెతుకులు తలుపు మీదే ఉండిపోయాయి. ఉదయ్ కూలర్ తలుపు బిగించి స్విచ్ వేశాడు. కూలర్ మోత గదంతా నిండింది.

సోమవారం ట్యూషన్ నుంచి వచ్చిన సంయుక్త కుడి చెయ్యి గౌను మడతల్లో దాచుకుని లోపలికి వచ్చింది. రామచంద్రం ఆ చెయ్యి బయటికి తీశాడు. కణుపులు వాచి ఉన్నాయి. ఆయన గిన్నెలో కుండ నీళ్లు పోసుకొచ్చి ఆ చేతిని అందులో పెట్టాడు. పిల్ల ఏడవలేదు.

“సారు అడిగిండు తాత, ఎందుకు సూసి రాసినవని. నేను చెప్పలే.” నీళ్లల్లో వేళ్లు కదిలించి, ఆయన ముఖం చూసి, మళ్లీ అంది. “నువ్వు భయపడకు.”

డెబ్బై ఏళ్ల మనిషికి తొమ్మిదేళ్ల పిల్ల చెప్పిన ధైర్యం అది. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచాడు.

మంగళవారం పొద్దున చెప్పేద్దామని వంటింటి గడప దాకా వెళ్లాడు. విజయశ్రీ ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో టిఫిన్ డబ్బా మూత నొక్కుతోంది.

“ఏమన్న కావాల్నా మామయ్య?”

“ఏం లే,” అని వెనక్కి వచ్చాడు.

బుధవారం పిల్లను తీసుకురావడానికి తానే అశోక్‌నగర్ వెళ్లాడు. కరుణాకర్ సారు ట్యూషన్ మేడ మీద గదిలో. కింది గదుల్లో ఊళ్ల నుంచి నౌకరీ పరీక్షలకు వచ్చిన పిల్లలు గోడకు ఆనుకుని లావుపాటి పుస్తకాలు చదువుకుంటున్నారు. ఆయన వాళ్లను దాటుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాడు. ఇంకా అరగంట టైముంది. గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

లోపల సంయుక్త ఒక్కతే నిలబడి ఉంది. మిగతా పిల్లలు ఆమెకు దూరంగా జరిగి కూర్చున్నారు.

“మీ పుస్తకాలు జర జాగ్రత్త,” అంటున్నాడు సారు. “మన కాపీ మాస్టర్ వచ్చింది. వాళ్ల తాత కన్ను మూస్తే సాలు, ఈమె పుస్తకం తెరుస్తది.”

పిల్లలు గొల్లుమన్నారు. సంయుక్త గోడ మీద ఒక చోటే చూపు నిలిపింది. పెదవులు గట్టిగా బిగించింది. ఆ పెదవుల వెనక ఉన్నది ఎవరి మాటో రామచంద్రానికి తెలుసు.

ఆయన చెప్పులతోనే లోపలికి నడిచి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

“ఏంది పెద్దాయన, ఇంక అరగంట ఉన్నది.”

“సాలు.”

మెట్లు దిగుతుంటే సంయుక్త గాబరాపడింది. “అమ్మ తిడ్తది తాత.”

“తిట్టనీ.”

విజయశ్రీ ఆ సాయంత్రం గేటు దగ్గర నుంచే మండుతూ వచ్చింది. ఉదయ్ అప్పుడే ఇల్లు చేరి మొఖం కడుక్కుంటున్నాడు.

“పిల్లను నడిమిట్ల గుంజుకొచ్చిండ్రట గదా మామయ్య? సారు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిండు. నా పరువు ఏమైతది? పరీక్ష నెత్తి మీదికొచ్చింది. ఇంట్లనేమో మీరు పండుకుంటరు. ఆడ కూసోపెడ్తే తోలుకొస్తరు. అసల్ ఈ పిల్ల చదువు మీకు కావాల్నా వద్దా?”

“విజయా,” అన్నాడు ఉదయ్.

“ఇయ్యాల నన్ను అననియ్యుండ్రి. ఆరేండ్ల సంది నేను ఏమన్న అన్ననా? నా మాటంటే ఈ ఇంట్ల ఇలువ ఉన్నదా? రోజూ చీటీ రాసిపెట్టి పోత. ఒక్క చీటీ, ఒక్కటంటే ఒక్కటి, మీరు ఎప్పుడన్న సూసిండ్రా మామయ్య?”

“సూసిన.”

“సూసి?”

“సూసుడే. సదువ రాదు.”

ఉదయ్ తువ్వాలు ముఖం మీంచి తీశాడు.

“రాదంటే ఏంది నాన్న? రోజూ లైబ్రరీకి పోతవ్...”

“ఉర్దూ పేపర్. మూడు జమాతులు. గంతే.” రామచంద్రం అల్మారాకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. “తెలుగు రాదు నాకు. మీ అమ్మ సదివి చెప్పేది. నేను పండుకోలే బిడ్డ. ఒక్క రోజు గూడ కన్ను మూయలే. పిల్ల దొంగతనం చెయ్యలే. ‘మీ అమ్మకు చెప్పకు’ అని దానితోని నేనే అన్న. చెప్పలే. నువ్వు కొట్టినవ్, చెప్పలే. ఆడ కొట్టిండ్రు, చెప్పలే.”

ఆ ఇంట్లో ఆయన అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. విజయశ్రీ మెల్లగా చాప మీద కూలబడింది.

“మరి గా చీటీలన్నీ...”

ఆయన తన ఇనప పెట్టె దగ్గరికి వెళ్లి, అడుగున ఉన్న చొక్కా డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నిండా చీటీలు. బస్సు టికెట్ల వెనక రాసినవి, క్యాలెండర్ ముక్కలు, నోటుపుస్తకం కొసలు.

“ఏది అక్కెరదో తెల్వదు. ఏదీ పారెయ్యలే.”

విజయశ్రీ ఒకటి తీసింది. ‘మామయ్యా, పాలు రెండు పొంగులు రానిచ్చి దించండి.’ ఆ రోజు పాలు విరిగాయి. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇంకొకటి. ‘మామయ్యా, తెల్ల గోళీ అన్నం తిన్న తర్వాత, ఎర్రది తినక ముందు.’ ఇంకొకటి తీసి, చదివి, అలాగే పట్టుకుని ఉండిపోయింది. ‘మామయ్యా, నాకు ప్రమోషన్ వచ్చింది. పాయసం చేశాను. మొదట మీరు తినాలని అల్మారాలో దాచి పెట్టాను.’ సాయంత్రానికి ఆ పాయసం పులిసిపోతే, కోడలి సంతోషం కూడా పట్టని మనిషని గిన్నెతో సహా బయట పారబోసింది.

ఆమె పమిట కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

“రాకపోవుడు తప్పు కాదు మామయ్య. నాకు చెప్పకపోయిండ్రు, గది గూడ తప్పనను. నేనే ఎన్నడు కూసోని అడగలే. కని ఆ పిల్ల నెత్తిన దొంగతనం ఏసిండ్రు సూడుండ్రి. గది తప్పు.”

“ఔ,” అన్నాడు ఆయన. “తప్పే.”

గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న సంయుక్తను విజయశ్రీ దగ్గరికి లాక్కుంది. వాచిన చేతిని తన చెంపకు ఆనించుకుంది. “అడగకుండ కొట్టిన బిడ్డ. నేను గూడ తప్పు చేసిన.”

“తాతను ఏమనకు.”

“అనేదేదో అన్న. అయిపోయింది.”

సంయుక్త కాసేపు తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. దాచిపెట్టుకున్న ఏడుపంతా వచ్చాక, ముక్కు ఎగబీల్చి అడిగింది. “మల్ల రేపు ట్యూషన్?”

“పోవద్దు. రేపు నేనే సారుకు ఫోన్ చేసి చెప్త, నువ్వు కాపీ కొట్టలేదని.”

“మల్ల ఇమ్లా ఎవరు చెప్తరు?”



మర్నాడు పొద్దున విజయశ్రీ గడియారం పెట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుంటుండగా రామచంద్రం తెలుగు పుస్తకం పట్టుకుని ఎదురుగా వచ్చాడు.

“బిడ్డా, జర ఈ పది సదువు.”

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖం చూసి, బ్యాగు దించింది. పెన్సిల్ గీతలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఆయన ఒక్కో మాటకు ఒక్కో వేలు మడుస్తూ తిరిగి చెప్పాడు. పది వేళ్లూ మడిచాక, “ఇంకోపారి,” అన్నాడు. ఆమె ఇంకోసారి చదివింది. బస్సు టైం అవుతున్నా తొందరపడలేదు.

ఆమె గేటు దాటగానే ఆయన మనుమరాలిని కూర్చోబెట్టాడు. తొమ్మిదిన్నర దాకా ఆగితే మాటలు నిలుస్తాయన్న నమ్మకం లేదు. పుస్తకం మూసి తన కింద పెట్టుకున్నాడు. ఒకటి చెప్పాడు. పిల్ల రాసింది. రెండు, మూడు, ఆరు దాకా బాగానే వచ్చాయి. ఏడో వేలు దగ్గర ఆగిపోయాడు. ఎంత తడుముకున్నా మాట దొరకలేదు.

“పుస్తకం ఇయ్యి తాత, నేను సూసి చెప్త.”

“సూడకు.”

ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని, గల్లీలోంచి మెయిన్ రోడ్డు మీదికి నడిచాడు. డెబ్బై ఏళ్ల మోకాళ్లకు అది నడక కాదు, పరుగే. బస్‌స్టాప్ దగ్గర పది పదిహేను మంది ఉన్నారు. విజయశ్రీ మధ్యలో నిలబడి బస్సు కోసం మెడ సాచి చూస్తోంది. పక్కనే హోటల్ బల్ల మీద, లైబ్రరీలో రోజూ ఎదురుగా కూర్చునే దాసయ్య చాయ్ తాగుతున్నాడు.

రామచంద్రం జనంలోకి వెళ్లి పుస్తకం తెరిచి పట్టుకున్నాడు. “బిడ్డా, ఏడోది ఏంది?”

అందరూ తిరిగి చూశారు. దాసయ్య చాయ్ గ్లాసు దించి పలకరించాడు. “ఏంది రామచంద్రం, అద్దాలు మరిచినవా?”

“అద్దాలు ఉన్నయ్,” అన్నాడు రామచంద్రం. అందరికీ వినబడేలాగే అన్నాడు. “నాకు తెలుగు రాదు.”

బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా కదిలారు. విజయశ్రీ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి వంగి పుస్తకంలోకి చూసింది.

“మృదంగం, మామయ్య. మృ-దం-గం.”

“మృదంగం,” అన్నాడు ఆయన.

బస్సు పోయింది. ఆయన వెనక్కి తిరిగి గబగబా నడిచాడు. గల్లీ మొదట్లో నర్సింహమ్మ పలకరించింది. పాల డబ్బాతో ఎదురొచ్చిన మనిషి నమస్తే పెట్టాడు. రామచంద్రం ఎవరికీ జవాబు చెప్పలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నోట్లో మాట ఉంది, అది ఇల్లు చేరేదాకా జారిపోకూడదు.